ఎనిమిది ఫౌళ్ళు, ఒక పాయింటు

గ్రాంట్ హార్బర్, విస్కాన్సిన్
1950 జనవరి 9

అక్కకు,

ఇక్కడ నా ఎడమ మోకాలు తప్ప మిగతా నేనంతా క్షేమం. అక్కడ నువ్వూ, బావా, నాన్నా, నాన్న మంగలి దుకాణంలో కూర్చుని నా మీద జోకులేసే పెద్దమనుషులూ క్షేమమే అయివుంటారు. వాళ్ళకు నేను ఏ లోటూ రానివ్వడం లేదు కదా.

నిన్నటి ఆట లెక్కలు మన ఊరి కూరియర్ పత్రికలో వచ్చేలోపే నేనే చెప్పేస్తే పరువు కాస్త మిగులుతుందేమో. క్రూగర్: గోల్స్ సున్నా, ఫ్రీ త్రోలు సున్నా, ఫౌళ్ళు ఆరు, మొత్తం సున్నా. ఆరు ఫౌళ్ళయితే ఆటగాణ్ణి బయటికి పంపేస్తారు. నేను ఆ ఆరూ పదకొండు నిమిషాల్లో పూర్తిచేసి బెంచీ మీదికి వచ్చేశాను. మా కోచ్ మక్‌గ్రా నా వీపు తట్టి, "శభాష్ క్రూగర్! నీ పని నువ్వు కానిచ్చేశావ్, ఇక పోయి స్నానం చెయ్" అన్నాడు. ఇంత తక్కువ పనికి ఇంత మెప్పు పొందేవాడు అమెరికా మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఇది వెటకారం కాదక్కా, నా ఉద్యోగమే అది. ఈ స్టవ్ కంపెనీ బాస్కెట్‌బాల్ జట్టులో గోల్స్ వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అవతలి జట్టు పొడుగువాడు బంతి పైకెత్తకముందే నడుం పట్టుకుని వేలాడేవాణ్ణి నేనొక్కణ్ణే. వాడికి రెండు పాయింట్లు వచ్చే చోట ఒక్క ఫ్రీ త్రో వస్తుంది, పడితే ఒక్క పాయింటు. చేతులు వణికితే అదీ పోతుంది. ఈ ఊళ్ళో జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి మరీ నన్ను తిడతారు.

అసలు సంగతికి వస్తాను. వసంతం రాగానే కంపెనీ ఈ జట్టును ఎత్తేస్తుందట. స్టవ్‌లు అమ్ముడుపోవడం లేదు, కారణం మేమేనేమో. నాన్న కార్డు రాశాడు, మన హైస్కూల్లో అమ్మాయిల జట్టు కోచ్ బెంట్లీ గారు వెళ్ళిపోతున్నారని. నాకా ఉద్యోగం కావాలక్కా. నవ్వకు. పౌరశాస్త్రం చెప్పడానికి సర్టిఫికెట్టు ఉంది. ఈ మోకాలితో ఇంకే జట్టూ నన్ను తీసుకోదు. ఆట తప్ప నాకు ఇంకేదీ రాదు, ఆటలో కూడా వచ్చింది ఇంతే. అది దొరక్కపోతే బావ దగ్గర మొక్కజొన్న బస్తాలు ఎత్తడమే. రాష్ట్ర పోటీల్లో ఒక్క ఆటలో యాభై నాలుగు పాయింట్లు వేసిన మా అక్క వెల్డా నోరు తెరిస్తే స్కూలు బోర్డు వింటుంది. ఒక మాట వెయ్యి.

నీ తమ్ముడు,
ఆర్విన్


టాంబ్లిన్, అయోవా
జనవరి 16

ఒరేయ్ ఆర్విన్,

ఒక మాట కాదు, నాలుగు మాటలు వేశాను. నాలుగూ నాకే తిరిగి వచ్చాయి.

నాన్న నీ లెక్కలు కత్తిరించి దుకాణంలో అద్దం చట్రానికి దోపుతాడని తెలుసు కదా. గడ్డం గీయించుకునేవాడు కదలలేడు, మెడ మీద కత్తి ఉంటుంది, ఎదురుగా నీ సున్నాలు ఉంటాయి. శనివారం నాన్నకు భోజనం పట్టుకెళ్ళేసరికి కుర్చీలో బోర్డు అధ్యక్షుడు స్టకీ గారు, ముఖం నిండా నురగతో. ఇంతకన్నా మంచి సమయం దొరకదని అడిగేశాను.

"మీవాడా?" అన్నాడు, నురగలోంచి కళ్ళు మాత్రం కదిలిస్తూ. "వెల్డా, నువ్వంటే నాకు గౌరవమే. కానీ చూడమ్మా, ఆ అద్దం కేసి చూడు. క్రిస్మస్ నుంచి వరసగా సున్నాలు. సున్నాలు వేసేవాడు మా పిల్లలకు ఏం నేర్పుతాడు? సున్నా ఎలా చుట్టాలో నేర్పుతాడా?"

దుకాణమంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. "మావాడు అవతలివాణ్ణి ఆపుతున్నాడయ్యా" అన్నాడు.

"ఆపితే పేపర్లో ఎక్కడ రాశారు? చూపించు."

నాన్న కత్తి కాస్త గట్టిగా లాగినట్టున్నాడు, స్టకీ అబ్బా అన్నాడు. లేచి వెళ్తూ ఒక దయ చూపించాడు: "ఒక్క ఆటలో పది పాయింట్లు వేయమను. పేపర్లో పది కనబడితే మిగతా బోర్డుతో నేను మాట్లాడతాను."

మార్చి మొదటి సోమవారం బోర్డు కూర్చుంటుంది. వాళ్ళు కాదంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, సరేలే, అది వేరే కథ. పది పాయింట్లంటే ఐదు గోల్స్. మోచెయ్యి బయటికి పోనివ్వకు. రింగు ముందు అంచు చూసి వెయ్యి, జనాన్ని చూసి కాదు. ఇంతకన్నా ఉత్తరంలో నేర్పలేను.

అక్క,
వెల్డా


గ్రాంట్ హార్బర్
ఫిబ్రవరి 6

అక్కా,

నీ సలహా ప్రకారం మోచెయ్యి లోపలే పెట్టాను. బంతి మాత్రం బయటికే పోయింది.

శనివారం మా మీదికి వచ్చింది హెల్మర్ ఉన్న జట్టు. వాడు తలుపుల్లోంచి వంగి వచ్చేంత పొడుగు. ఎప్పుడూ నేను వాణ్ణి కౌగిలించుకునే ఉంటాను కాబట్టి మా ఇద్దరికీ మంచి స్నేహం. ఆ రోజు మాత్రం వాణ్ణి వదిలేసి పాయింట్ల వేటకు బయలుదేరాను. మొదటి షాటు రింగు వెనకుండే బోర్డుకు కూడా తగల్లేదు. రెండోది బోర్డుకు తగిలింది, వెనకవైపు నుంచి. మూడోది రింగుకూ బోర్డుకూ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఆట ఆపారు. ఊడ్చే మనిషి పొడుగు చీపురు తెచ్చి బంతిని పొడిచి కిందికి దించాడు. జనం ఆ చీపురుకు చప్పట్లు కొట్టారు. నాకు తెలిసి ఆ రాత్రి మా జట్టులో మెరుగ్గా ఆడింది ఆ చీపురే.

రెండో సగంలో హెల్మర్ నా పక్కకు వచ్చి నిజంగానే బాధగా అడిగాడు: "ఏంటి బాబూ, ఇవాళ నన్ను పట్టుకోవడం లేదు? ఒంట్లో బాలేదా? నేనేమైనా అన్నానా?"

ఏడుసార్లు వేశాను, ఒక్కటీ పడలేదు. అదృష్టవశాత్తూ పేపరువాళ్ళు పడినవే లెక్కరాస్తారు, పోయినవి రాయరు. ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడికి దండం పెట్టుకున్నాను. కాబట్టి కూరియర్‌లో నీకు కనబడేది మామూలే: సున్నా, సున్నా, ఫౌళ్ళు ఒకటి, సున్నా. ఫౌళ్ళలో కూడా దిగజారాను. నేను వదిలేసిన హెల్మర్ ముప్పై ఒకటి వేశాడు. మేం పద్దెనిమిది తేడాతో ఓడిపోయాం.

మక్‌గ్రా అరవలేదు. అరిచినా బాగుండేది. "క్రూగర్, నిన్ను ఎందుకు పెట్టుకున్నామో నీకు తెలుసనుకున్నాను. ఇంకోసారి రింగు వైపు చూశావంటే, ఇంటికి టిక్కెట్టు నేనే కొనిస్తాను" అన్నాడు.

సిగ్గుగా ఉందక్కా. పాయింట్లు వేయలేకపోయినందుకు కాదు, అది నాకు అలవాటే. చేతనైన ఒక్క పనీ వదిలేసినందుకు. స్టకీ గారికి చెప్పు, పది నా వల్ల కాదని. బావను బస్తాల బరువు ఎంతో అడిగి పెట్టు.

ఆర్విన్


టాంబ్లిన్
ఫిబ్రవరి 13

ఆర్విన్,

చీపురు సంగతి నాన్నకు చదివి వినిపించాను. కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు.

బస్తాల మాట ఎత్తావంటే ఊరుకోను. నీ బావకు ఇప్పటికే ఒక కుంటి గుర్రం ఉంది.

ఒక విచిత్రం చెప్పాలి. ఆదివారం చర్చి భోజనాల దగ్గర స్టకీ గారి భార్య హుల్డా నా పక్కకు వచ్చింది. "మీ తమ్ముడికి మొన్న ఒక్క ఫౌలే పడిందేం? జబ్బు చేసిందా?" అని అడిగింది. ఊరంతా నీ సున్నాలు లెక్కపెడుతుంటే ఆవిడ ఫౌళ్ళు లెక్కపెడుతోంది! "ఆ హెల్మర్ మీవాడు ఉన్నప్పుడు తొమ్మిదో పదో దాటడు, మొన్న ముప్పై ఒకటి ఎలా వేశాడా అని చూస్తున్నాను" అంది. నీ పేరే కాదు, కింద అవతలి జట్టు పేర్లు కూడా చదువుతుందన్నమాట. నేనెప్పుడూ చదవలేదు. పేపర్లో నా పేరు పక్కన ఎంత ఉందో చూసుకుని మడిచి పెట్టేదాన్ని.

హుల్డా నాతోపాటే ఆడింది, నీకు గుర్తుండదు, నువ్వు చిన్నవాడివి. తను గార్డు. మా అమ్మాయిల ఆట తీరు తెలుసు కదా, ముగ్గురం ఫార్వర్డులం ఈ సగంలో గోల్స్ వేస్తాం, ముగ్గురు గార్డులు ఆ సగంలో అవతలివాళ్ళను ఆపుతారు, మధ్య గీత ఎవరూ దాటకూడదు. నాలుగేళ్ళు ఒకే జట్టులో ఆడాం. నేను గీత అవతలికి వెళ్ళలేదు, తను ఇవతలికి రాలేదు. మేం మాట్లాడుకున్నదంతా బస్సులోనే.

మక్‌గ్రా చెప్పినట్టు విను. వెళ్ళి ఆ హెల్మర్‌ను పట్టుకో.

అక్క


గ్రాంట్ హార్బర్
ఫిబ్రవరి 27

అక్కా,

కూర్చుని చదువు. నాన్న పక్కన ఉంటే కత్తి కింద పెట్టమను.

శనివారం మళ్ళీ హెల్మర్ జట్టే, ఈసారి వాళ్ళ ఊళ్ళో. ఫ్లూ వచ్చి మావాళ్ళిద్దరు పడకేశారు, ఎనిమిదిమందిమే దిగాం. నేను బుద్ధిగా హెల్మర్ నడుం పట్టుకున్నాను. "హమ్మయ్య, కోలుకున్నావా!" అన్నాడు పాపం. మూడో భాగం అయ్యేసరికి నా ఆరూ అయిపోయాయి. స్నానం చేశాను, చొక్కా తొడుక్కున్నాను, ఒక సాసేజి రొట్టె కొనుక్కుని జనంలో కూర్చున్నాను. జీవితం ప్రశాంతంగా ఉంది.

ఆట సమమైంది. అదనపు ఆట, మళ్ళీ సమం. ఇంకో అదనపు ఆట, మళ్ళీ సమం. ఈలోగా మావాళ్ళు ఒక్కొక్కరే ఆరు ఫౌళ్ళతో బయటికి వస్తున్నారు. మూడో అదనపు ఆటలో నాలుగోవాడు కూడా పోయి, కోర్టులో నలుగురే మిగిలారు. బెంచీ ఖాళీ. ఇలాంటప్పుడు ఒక రూలు ఉందట, నాకే తెలియదు: ఐదుగురు లేకపోతే చివరగా బయటికి వెళ్ళినవాణ్ణి వెనక్కి పిలవొచ్చు, కానీ వాడు చేసే ప్రతి ఫౌలుకూ అవతలివాళ్ళకు ఒక ఫ్రీ త్రో ఎక్కువ. చివరివాడి చీలమండ వాచిపోయింది. అంతకుముందువాడికి కన్ను కనబడడం లేదు. ఆ ముందువాడు రైలు తప్పిపోతుందని స్టేషనుకు వెళ్ళిపోయాడట. అలా వెనక్కి లెక్కపెట్టుకుంటూ మక్‌గ్రా జనంలోకి చూశాడు. నా నోట్లో సాసేజి ఉంది.

"క్రూగర్! మింగి రా!"

వెళ్ళాను. ఇంకో రెండు ఫౌళ్ళు చేశాను, అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా. ఒక్క క్షణం ఈల ఊదే రిఫరీ కూడా నమ్మలేక వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. మొత్తం ఎనిమిది. కానీ హెల్మర్‌కు ఆ రాత్రంతా తొమ్మిదే. చివరి నిమిషంలో డెబ్బై, డెబ్బై. వాళ్ళవాడెవడో తొందరలో నన్ను గుద్దాడు. నన్ను! ఇన్నాళ్ళ నా కష్టానికి వడ్డీ అనుకున్నాను. ఒక ఫ్రీ త్రో.

నీ మోచేతి పాఠం వదిలేశాను, క్షమించు. రెండు చేతులతో మోకాళ్ళ మధ్య నుంచి, చిన్నప్పుడు పందుల తొట్లో కుడితి విసిరినట్టు విసిరాను. బంతి రింగు ఈ అంచు తాకింది, బోర్డు తాకింది, ఆ అంచు మీద కూర్చుని కాసేపు ఆలోచించింది. తర్వాత పడింది.

డెబ్బై ఒకటి, డెబ్బై. మావాళ్ళు నన్ను ఎత్తారు, మోకాలు నొప్పని చెప్పగానే దించేశారు. క్రూగర్: గోల్స్ సున్నా, ఫ్రీ త్రో ఒకటి, ఫౌళ్ళు ఎనిమిది, మొత్తం ఒకటి. క్రిస్మస్ తర్వాత నా సంపాదన మొత్తం ఇదే. పది కాదు, తెలుసు. అయినా నాన్నతో అద్దానికి పెట్టించు.

ఆర్విన్


టాంబ్లిన్
మార్చి 8

తమ్ముడూ,

నీ ఉత్తరం రాకముందే కూరియర్ వచ్చింది. అందులో ఇలా ఉంది: క్రూగర్, సున్నా, సున్నా, ఆరు, సున్నా.

నీ ఉత్తరం అందగానే పరిగెత్తుకుంటూ సంపాదకుడు ఫెల్ప్స్ దగ్గరికి వెళ్ళాను. "ఆరు దాటి ఎవరికైనా ఫౌళ్ళు ఉంటాయా వెల్డా? తంతి ఆఫీసువాడు తప్పు అంకెలు పంపాడు, నేను దిద్దాను" అన్నాడు గర్వంగా. మరి ఆ ఒక పాయింటు? "ఎనిమిదే తప్పైనప్పుడు ఒకటి మాత్రం ఒప్పు ఎలా అవుతుంది? పైగా క్రూగర్ కదా!" అన్నాడు. నీ సున్నాల మీద జనానికి ఎంత నమ్మకమో చూశావా. నిజాన్ని కూడా దిద్దేస్తున్నారు.

సోమవారం బోర్డు హైస్కూలు భోజనాల గదిలో కూర్చుంది. ఊళ్ళో సగంమంది వచ్చారు. స్టకీ గారు కూరియర్ విప్పి నీ అంకెల వరస పైకి చదివారు, ఒక్కొక్క సున్నాకూ ఆగుతూ. జనం నవ్వారు. నేను లేచి నీ ఉత్తరం చదవబోయాను. "అక్క తమ్ముడి గురించి చెబితే ఎలాగమ్మా" అన్నారు. కూర్చున్నాను.

అప్పుడు వెనక వరసలో హుల్డా లేచింది. చేతిలో అదే పేపరు.

"ఈ అంకెలు ఎవరైనా కూడారా?" అంది. "పైనుంచి కిందికి కూడితే డెబ్బై వస్తుంది. కింద మొత్తం డెబ్బై ఒకటి అని ఉంది. గెలిపించిన ఆ ఒక్క పాయింటు ఎవరిది? గాలి వేసిందా?"

"హుల్డా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నారు స్టకీ గారు.

"పెళ్ళైనప్పటి నుంచీ ఇంటికెళ్ళాకే మాట్లాడుకుంటున్నాం. ఈసారి ఇక్కడ." తర్వాత ఆవిడ బోర్డును వదిలేసి జనం వైపు తిరిగింది. "మన అమ్మాయిల జట్టులో ఆరుగురు. ముగ్గురు గార్డులు. వాళ్ళు గీత దాటకూడదు, బంతి వేయకూడదు. చచ్చినా ఒక్క పాయింటు రాదు, రూలు ఒప్పుకోదు. పేపర్లో వాళ్ళ పేరు పక్కన అచ్చయ్యేది ఫౌళ్ళొక్కటే. నేను నాలుగేళ్ళు అలాగే ఆడాను. నా పక్కనా ఉన్నవి సున్నాలే. అంటే నేను ఆడనట్టా? చెప్పండి! ఈ కుర్రాడి అంకెల వరస ఎలాంటిదో మీకు తెలీదు, నాకు తెలుసు. అది గార్డు వరస. మా పిల్లలకు మనిషిని ఆపడం నేర్పడానికి, రోజూ ఆ పనే చేసి తిట్లు తిన్నవాడికన్నా ఎవడు దొరుకుతాడు?"

"నేనూ గార్డునే" అని పాలకేంద్రం మిల్లీ లేచింది. పియానో టీచరు లేచింది. పాస్టరు గారి భార్య లేచింది! ఒక్కొక్కరే లేస్తుంటే నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాను. ఈ ఊళ్ళో ఇంతమంది గార్డులు ఉన్నారని నాకు తెలియదు ఆర్విన్. నేను మాత్రం కూర్చునే ఉన్నాను, నేను ఫార్వర్డును కదా. జీవితంలో మొదటిసారి అది చిన్నతనంగా అనిపించింది.

స్టకీ గారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. "సరే, ఆపడం నేర్పుతాడు. మరి వేయడం ఎవరు నేర్పుతారు?" అని అడిగారు. దానికి నీ జవాబు రాతపూర్వకంగా కావాలట. ఈ నెలాఖరులోగా. ఉద్యోగం దాని మీదే ఉంది. వేసవంతా నేను దగ్గరుండి నేర్పుతాను, బంతి వేయడం వచ్చేసిందని రాసెయ్.

అక్క


గ్రాంట్ హార్బర్
మార్చి 13

అక్కా,

బోర్డుకు జవాబు రాశాను. పంపే ముందు నీకు చెప్పాలి. కాదు, పంపేశాను. పంపకముందు చెబితే వద్దంటావు.

"అయ్యా, బంతిని రింగులో వేయడం నాకు రాదు, ఇక రాదు కూడా. ఈ విషయంలో నాకన్నా అనుభవం ఉన్నవాళ్ళు మీకు దొరకరు. కావాలంటే ఈ ఊరి చీపురును అడగండి. గార్డులను నాకు ఇవ్వండి. ఫార్వర్డులకు నేర్పడానికి మీ ఊళ్ళోనే ఒక మనిషి ఉంది, యాభై నాలుగు పాయింట్లు వేసింది. ఆమెను నాతోపాటు కోచ్‌గా తీసుకుంటేనే నేను వస్తాను. లేకపోతే బస్తాలు ఎత్తుకుంటాను."

జనవరిలో ఒక ఉత్తరంలో ఒక మాట రాసి తుడిచేసినట్టు వదిలేశావు: బోర్డు కాదంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది వేరే కథ అని. నేను నా సున్నాల బాధలో ఉండి పట్టించుకోలేదు. నిన్న నాన్నకు ఫోను చేసి అడిగాను. చాలాసేపు తప్పించుకుని చివరికి చెప్పాడు. రెండేళ్ళ కిందట, బెంట్లీ గారు రాకముందు, ఆ ఉద్యోగానికి నువ్వు దరఖాస్తు పెట్టావట. పెళ్ళైన ఆడదానికి కోచ్ ఉద్యోగమేంటని అదే స్టకీ గారు తిప్పి పంపారట.

నీకు రాని ఉద్యోగం నాకు ఇప్పించమని, నిన్నే వాళ్ళ గుమ్మానికి పంపాను. నువ్వు ఒక్క మాట అనకుండా వెళ్ళావు. ఫోను పెట్టేశాక ఏడ్చానక్కా, ఆ ఫోను బూత్ దగ్గరే నిలబడి, వెనక లైనులో నిలబడ్డ మనుషులు చూస్తుండగా. ఇంతమంది ముందు ఏడవడం నాకు కొత్తేమీ కాదులే, కానీ ఈసారి వేరు.

ఆర్విన్


టాంబ్లిన్
మార్చి 22

ఒరేయ్ మూర్ఖుడా,

నీ జవాబు గురించి నాకు తెలిసేసరికే ఊరంతా తెలిసిపోయింది. తపాలా ఆఫీసులో మిల్లీ కనబడి నన్ను కౌగిలించుకుంది, ఎందుకో అర్థంకాక నేనూ కౌగిలించుకున్నాను. నీ మీద ఒక రోజు కోపంగా ఉన్నాను. అడక్కుండా నా పేరు రాస్తావా, వచ్చిన ఉద్యోగాన్ని పోగొట్టుకోవడానికి నీకేం హక్కు ఉందని. రెండో రోజు స్టోరు గదిలో అటక మీంచి నా పాత బూట్లు దించాను. ఇంకా సరిపోతున్నాయి. కాస్త ఏడ్చి, వంట చేశాను.

సోమవారం బోర్డు మళ్ళీ కూర్చుంది. స్టకీ గారు నీ ఉత్తరం చదివి, "పెళ్ళైన ఆడది..." అని మొదలుపెట్టి, వెనక వరస కేసి చూశారు. వెనక వరసంతా గార్డులు. అందరూ ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. ఆయన వాక్యం పూర్తిచేయలేదు. చేతులెత్తమన్నారు, అన్ని చేతులూ లేచాయి, ఆఖరున ఆయనది కూడా. హుల్డా నా పక్కన వచ్చి కూర్చుని, "ఇన్నాళ్ళకు గీతకు ఒకే వైపు కూర్చున్నాం" అంది.

సెప్టెంబరు నుంచి ఇద్దరం కోచ్‌లం.

ఫెల్ప్స్ తప్పు దిద్దుకున్నాడు. ఆరో పేజీ, పందుల ధరల కింద, నాలుగు లైన్ల సవరణ: "క్రూగర్ ఒక పాయింటు వేసినట్లు ఆలస్యంగా తెలియవచ్చింది." నాన్న పందుల ధరలతో సహా కత్తిరించి అద్దానికి పెట్టాడు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ రెండూ చదవాల్సిందే.

సామాను సర్దుకుని వచ్చెయ్. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను. ఆ కోర్టులో ఈ సగం నాది, ఆ సగం నీది. నా ఫార్వర్డులకు షాటు ఎలా వేయాలో చెప్పడానికి మధ్య గీత దాటి వచ్చావంటే ఫౌలని ఈల ఊదేస్తాను. నీకు ఇప్పటికే ఎనిమిది ఉన్నాయి.

అక్క,
వెల్డా